బంపర్ మీద బురద, డాష్‌బోర్డు మీద హెచ్చరిక

వాహన సందేహాలు – సమాధానాలు

వానలు తగ్గి, దసరా వెళ్లిన ఈ రోజుల్లో మాకు అందిన ఉత్తరాలు చాలావరకు ఒకే ఇబ్బంది చుట్టూ తిరుగుతున్నాయి. కారు ఏదో ప్రమాదం ఉందని హెచ్చరిస్తుంది, దిగి చూస్తే ఏమీ ఉండదు. సర్వీస్ సెంటర్‌కు వెళితే సెన్సర్ మీద మట్టి ఉందంటారు, వారంటీ కిందకు రాదంటారు, బిల్లు చేతిలో పెడతారు. ఆ ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి వివరంగా సమాధానం ఇస్తున్నాము.

ప్రశ్న: మా ఊరి చుట్టూ గ్రానైట్ క్వారీలు, రాళ్లు కోసే యూనిట్లు ఉన్నాయి. పదకొండు నెలల క్రితం కొత్త కారు కొన్నాను. రెండు నెలలుగా రివర్స్ గేర్ వేయగానే వెనుక ఏమీ లేకపోయినా బీప్ ఆగకుండా మోగుతోంది. మొదటిసారి సర్వీస్ సెంటర్‌లో సెన్సర్లు శుభ్రం చేసి 650 రూపాయలు తీసుకున్నారు. పదిహేను రోజులకే మళ్లీ మొదలైంది. ఇప్పుడేమో ఒక సెన్సర్‌లోకి నీళ్లు వెళ్లాయని, ప్రెషర్ వాష్ వల్ల జరిగింది కాబట్టి వారంటీ వర్తించదని అంటున్నారు. నేను ఇంట్లో బకెట్ నీళ్లతోనే కడుగుతాను. వాళ్ల మాట సరైనదేనా?
– ఒక ఉపాధ్యాయుడు, కరీంనగర్ జిల్లా

జవాబు: మొదటిసారి శుభ్రం చేసి డబ్బు తీసుకోవడం సరైనదే, ప్రెషర్ వాష్ వల్ల నీళ్లు వెళ్లాయన్నది మాత్రం వాళ్లు రుజువు చేయవలసిన మాట. ఈ రెండింటినీ విడదీసి చూడకపోవడం వల్లనే చాలామంది యజమానులు నష్టపోతున్నారు.

వెనుక బంపర్‌లో రూపాయి బిళ్లంత కనిపించే ఆ గుండ్రటి బిళ్లలే సెన్సర్లు; అవి మన చెవికి వినిపించని ధ్వనిని పంపుతాయి. సాధారణంగా అది 40 నుంచి 50 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది. ధ్వని వెళ్లి గోడకో స్తంభానికో తగిలి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరాన్ని లెక్కగడతాయి. బిళ్ల పైభాగం సన్నని పొర. అది స్వేచ్ఛగా కంపిస్తేనే ఈ లెక్క కుదురుతుంది. గ్రానైట్ పొడి చాలా మెత్తనిది. నీటితో కలిస్తే పలుచని పూతలా పట్టుకుని, ఎండితే గట్టిపడుతుంది. ఆ పూత కింద బిళ్ల పంపిన ధ్వని పూర్తిగా బయటకు పోదు, కంపనం వెంటనే ఆగదు. సెన్సర్ ఆ మిగిలిన కంపనాన్నే అడ్డు నుంచి తిరిగి వచ్చిన ధ్వని అనుకుని, వస్తువు అంగుళాల దూరంలో ఉందని నిర్ణయించుకుంటుంది. ఆగని బీప్‌కు కారణం అదే. కాబట్టి మొదటిసారి వచ్చినది మట్టి వల్ల వచ్చిన హెచ్చరికే అయితే, దానికి వారంటీ వర్తించదు. దాదాపు అన్ని కంపెనీల వారంటీ పుస్తకాల్లోనూ శుభ్రపరచడం, సర్దుబాటు చేయడం యజమాని బాధ్యతగా ఉండే నిర్వహణ పనుల కిందే వస్తాయి. ఆ 650 రూపాయలు ఎక్కువ అనిపించవచ్చు గానీ, అన్యాయమని వాదించడానికి ఆధారం తక్కువ. తడి మెత్తని గుడ్డతో రెండు నిమిషాల్లో మీరే చేసుకోగల పని అది.

శుభ్రం చేసిన పదిహేను రోజులకే అదే లక్షణం తిరిగి రావడం వేరే సంగతి. సర్వీస్ సెంటర్‌కు వెళ్లే ముందు ఇంటి దగ్గర ఒక పరీక్ష చేయండి. కారును చదునైన చోట, వెనుక కనీసం పది అడుగుల ఖాళీ ఉండేలా నిలిపి, టైర్ల వెనుక ఇటుకలు పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేయండి. సెన్సర్లను తడిగుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. తరువాత ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి రివర్స్ గేర్ వేయండి. చెవి దగ్గరగా పెట్టి వింటే పనిచేస్తున్న ప్రతి సెన్సర్ నుంచీ గడియారం టిక్కుటిక్కుమన్నంత సన్నని చప్పుడు వినిపిస్తుంది. వేలి కొసతో తాకినా ఆ కదలిక తెలుస్తుంది. నాలుగింటిలో ఒకటి మాత్రం మౌనంగా ఉంటే లోపం అక్కడే ఉందని అర్థం. ఇదంతా ఫోన్‌లో వీడియో తీసి ఉంచండి.

ఆ తరువాత సర్వీస్ సెంటర్‌లో, అనుమానం ఉన్న సెన్సర్‌ను పక్కదానితో మార్చి బిగించి, కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లను చదివే స్కానర్‌తో చూడమని అడగండి. లోపాన్ని చూపే కోడ్ సెన్సర్‌తోపాటు పక్క స్థానానికి వెళితే సెన్సర్ చెడిపోయినట్లు, పాత స్థానంలోనే నిలిస్తే వైరింగులోనో కనెక్టర్‌లోనో లోపం ఉన్నట్లు. మంచి మెకానిక్ ఎవరికైనా ఇది తెలిసిన పద్ధతే. దీనికి అరగంట కన్నా ఎక్కువ పట్టదు.

ఇక ప్రెషర్ వాష్ సంగతి. దగ్గర నుంచి గట్టి నీటిధార సెన్సర్ మీదకు కొట్టకూడదని యజమాని పుస్తకాలు హెచ్చరిస్తున్న మాట నిజం. ఒక అడుగు దూరమైనా లేకుండా పంపు ముక్కు పెట్టి కొడితే సెన్సర్ చుట్టూ ఉండే రబ్బరు రింగు పక్కకు జరుగుతుంది. అయితే మీ కారును ప్రెషర్ పంపుతో కడిగినవారు ఎవరు? మీ ఉచిత సర్వీసుల జాబ్ కార్డులు, అంటే మీ ఫిర్యాదునూ చేసిన పనులనూ రాసే కాగితాలు, బయటకు తీసి చూడండి. వాటిలో ‘వాటర్ వాష్’ అన్న పంక్తి ఉందేమో చూడండి. ఇంట్లో బకెట్ నీళ్లతో కడుక్కునే మీ కారును పంపుతో కడిగింది వారంటీ నిరాకరిస్తున్న ఆ సర్వీస్ సెంటరే కావచ్చు. ఆ కార్డుల నకళ్లు జతచేసి, నిరాకరణకు కారణాన్ని రాతపూర్వకంగా ఇవ్వమని కోరండి. ఇంకొక సంగతి గుర్తుంచుకోవాలి. వారంటీ ఇచ్చేది తయారీ కంపెనీ. డీలర్ క్లెయిమును పైకి పంపేవాడు మాత్రమే. ‘రాదు’ అన్న మాట కంపెనీ చెప్పిందా, లేక క్లెయిము పంపకుండానే కౌంటర్ దగ్గర చెప్పేశారా అన్నది అడిగి తెలుసుకోవడం మీ హక్కు.

ప్రశ్న: నేను వారానికి రెండుసార్లు సూర్యాపేట నుంచి హైదరాబాద్‌కు కారులో వెళ్లివస్తాను. ముందు వాహనానికి దగ్గరైతే తనంతట తానే బ్రేకు వేసే సదుపాయం నా కారులో ఉంది. దసరా తరువాత ‘ముందు రాడార్‌కు అడ్డు ఉంది’ అని తరచూ వస్తోంది. పోయిన వారం ఖాళీ రోడ్డు మీద కారు ఒక్కసారిగా బ్రేకు వేసింది. వెనుక లారీ ఉంటే ఏమయ్యేదో తలచుకుంటేనే భయమేస్తోంది. సర్వీస్ సెంటర్‌లో బంపర్ తుడిచి, మురికి వల్లనే అంతా జరిగిందని పంపేశారు.
– ఒక వైద్యురాలు, సూర్యాపేట

జవాబు: మీ ఉత్తరంలో రెండు వేర్వేరు సమస్యలు ఉన్నాయి. రెండింటికీ ఒకే జవాబు ఇచ్చి పంపడం సరికాదు.

మొదటిది, అడ్డు ఉందన్న సందేశం. ముందు వాహనం ఎంత దూరంలో ఉందో చూసే ఈ రాడార్ సాధారణంగా ముందు గ్రిల్‌లోనో, కంపెనీ చిహ్నం వెనుకనో, బంపర్ కింది భాగంలోనో ఉంటుంది. 76–77 గిగాహెర్ట్జ్ తరంగాలతో పనిచేస్తుంది. పలుచని ప్లాస్టిక్‌ను ఆ తరంగాలు దాటగలవు గానీ తడి మట్టినీ లోహాన్నీ దాటలేవు. తొలకరి తరువాత సంధ్యవేళ హెడ్‌లైట్లకు ఎగబడి వచ్చే ఉసిళ్లు గ్రిల్ నిండా అంటుకుంటే చాలు, మరునాటి పొద్దున ఈ సందేశం కనిపిస్తుంది. దసరా తరువాతే మొదలైందంటున్నారు కాబట్టి ఆయుధ పూజనాడు పెట్టిన పసుపు, గంధం, కుంకుమ ఎక్కడెక్కడ ఉన్నాయో చూడండి. చిహ్నం మీద మందంగా పూసి ఎండిపోయిన గంధం, గ్రిల్‌కు తీగతో కట్టి వదిలేసిన నిమ్మకాయలూ మిరపకాయలూ సరిగ్గా రాడార్ ముఖానికి ఎదురుగా ఉండే వీలుంది. బొట్టు బానెట్ మీద పెట్టుకోవచ్చు, దిష్టికి కట్టే నిమ్మకాయను ఒక పక్కకు జరిపి కట్టుకోవచ్చు. పూజకు ఏ లోటూ రాదు. అసలు చిహ్నం తీసి మెరిసే లోహపు చిహ్నం బిగించినా, బంపర్ ముందు ఇనుప చట్రం, అంటే బుల్ గార్డు పెట్టించినా అదే తంతు. బుల్ గార్డుల మీద చర్య తీసుకోమని కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు లేఖ రాసింది. అవి పెట్టించుకున్న కారుకు రాడార్ వారంటీ అడిగితే కంపెనీ కాదనడానికి మనమే కారణం అందించినట్లు అవుతుంది.

రాడార్‌తో పాటు రోడ్డును చూసే కెమెరాను కూడా మరచిపోవద్దు; అది ముందు అద్దం పైభాగంలో, లోపల వెనుకవైపు చూసుకునే చిన్న అద్దం వెనుక ఉంటుంది. దాని ఎదుట స్టిక్కర్లు అంటించకూడదు. అద్దానికి లోపలివైపు పట్టే జిడ్డు పొరను కూడా తుడవాలి. చలికాలం పొద్దున్నే మంచులో బయలుదేరినప్పుడు కాసేపు కెమెరా పనిచేయడం లేదని రావడం లోపం కాదు.

రెండోది, ఖాళీ రోడ్డు మీద తనంతట తానే వేసిన బ్రేకు. మురికి పట్టిన రాడార్ సాధారణంగా తన పని ఆపేసి, తాను చూడలేకపోతున్నానని చెబుతుంది. లేని వాహనాన్ని చూసి బ్రేకు వేసిందంటే, మలుపులో ఎదురైన ఇనుప రెయిలింగునో, పైన ఉన్న లోహపు బోర్డునో వాహనంగా పొరబడి ఉండవచ్చు; లేదా రాడార్ దిశ స్వల్పంగా పక్కకు తిరిగి ఉండవచ్చు. బంపర్‌కు చిన్న దెబ్బ తగిలినా, ముందు అద్దం మార్చి కెమెరాను తిరిగి సరిచూడకపోయినా, అంటే కాలిబ్రేషన్ చేయకపోయినా ఇలా జరుగుతుంది. అందువల్ల ఆ ఘటనకు ‘మురికి’ అన్న వివరణను అంగీకరించవద్దు. తేదీ, సమయం, జరిగిన కిలోమీటరు రాయి, వేగం, ఆ రోజు వాతావరణం జాబ్ కార్డులో రాయించండి. కంట్రోల్ యూనిట్‌లో, అంటే కారు కంప్యూటర్‌లో నమోదైన కోడ్‌ల ప్రింటు అడిగి తీసుకోండి. కాలిబ్రేషన్ చేయించి, దాని నివేదిక కావాలని అడగండి. దెబ్బ తగలని, ఏ మార్పూ చేయని కారుకు వారంటీ కాలంలో ఇదంతా కంపెనీ ఖర్చుతోనే జరగాలన్నది మా అభిప్రాయం. అద్దాన్ని బీమా కింద మార్పించి ఉంటే, కాలిబ్రేషన్ ఖర్చును కూడా అంచనాలో చేర్చమని బీమా సర్వేయర్‌ను ముందే అడగవలసింది. ఈ పని పూర్తయ్యేవరకు హైవే మీద ముందు వాహనంతో దూరాన్ని మీరే చూసుకోండి. కారు చూసుకుంటుందని నమ్మవద్దు.

ప్రశ్న: గోదావరిఖనిలో బొగ్గు లారీలు తిరిగే రోడ్డు మీదే మా రాకపోకలు. నా కారులో ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) లైటు వెలిగి ఆరిపోతోంది. నెమ్మదిగా ఆపుతున్నా పెడల్ దడదడలాడుతోంది.
– ఒక గని ఉద్యోగి

జవాబు: చక్రం వేగాన్ని కొలిచే సెన్సర్‌కూ, అది చూసే అయస్కాంతపు రింగుకూ మధ్య ఖాళీ మిల్లీమీటరు అటుఇటుగా మాత్రమే ఉంటుంది. బొగ్గు పొడికి అయస్కాంత గుణం లేదు గానీ, దానితో కలిసిన బురద అక్కడ పేరుకుని, బ్రేకుల నుంచి రాలే ఇనుప రజను కూడా పట్టి ఉంచుతుంది. చక్రం తిరుగుతున్నా ఆగిందని కంప్యూటర్‌కు అనిపించి, అవసరం లేకపోయినా ఏబీఎస్ పని మొదలుపెడుతుంది. నాలుగు చక్రాల్లో ఏది అన్నది స్కానర్ చెబుతుంది. శుభ్రపరిస్తే పోతే ఖర్చు మీది. తుడిచిన తరువాత కూడా అదే చక్రం కోడ్ వస్తే సెన్సర్ లేదా బేరింగు వారంటీ కిందకు రావాలి. లైటు వెలుగుతున్నంతకాలం మామూలు బ్రేకు పనిచేస్తుంది గానీ తడి రోడ్డు మీద గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుపోతాయి. దానితోపాటు ఎర్ర బ్రేకు లైటు కూడా వెలిగితే కారును అక్కడే ఆపేయండి.

ప్రశ్న: ఇంజన్ లైటు వెలిగితే తెనాలిలో తెలిసిన మెకానిక్‌కు చూపించాను. ఇంజన్‌లోకి వెళ్లే గాలిని కొలిచే ఎయిర్ ఫ్లో సెన్సర్‌కు దుమ్ము పట్టిందని తీసి శుభ్రం చేశాడు, లైటు ఆరిపోయింది. తరువాత సర్వీసుకు వెళితే, బయటివాళ్లు చేయి పెట్టారు కాబట్టి కారు మొత్తానికి వారంటీ రద్దయిందని అన్నారు. మూడు వందల రూపాయల పనికి ఇంత శిక్షా?
– ఒక వ్యాపారి, తెనాలి

జవాబు: కారు మొత్తానికి వారంటీ రద్దు అన్న మాటను మీరు ఒప్పుకోనక్కరలేదు. విడిభాగాల విషయంలో కార్ల కంపెనీల తీరుపై విచారణ జరిపిన భారత పోటీ కమిషన్ 2014 ఆగస్టు 25న ఇచ్చిన ఉత్తర్వులో 14 కంపెనీలపై దాదాపు 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించింది. స్వతంత్ర గ్యారేజీలో పని చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు అన్న నిబంధన పెట్టకూడదని, బయట జరిగిన తప్పు పని వల్ల ఎంత నష్టం జరిగిందో అంతవరకే వారంటీని నిరాకరించవచ్చని ఆ ఉత్తర్వు చెప్పింది. దానిపై కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. అయినా మీ వాదనకు అందులోని తర్కం గట్టి ఊతం. సెన్సర్ శుభ్రం చేయడం వల్ల గేర్‌బాక్సు గానీ ఏసీ గానీ ఎలా చెడిపోతాయో చెప్పమని రాతపూర్వకంగా అడగండి.

అయితే ఆ సెన్సర్ విషయంలో మాత్రం డీలర్ మాటలో కొంత బలం ఉంది. దాని లోపల వెంట్రుకకన్నా సన్నని భాగం వేడెక్కి ఉండి, దానిని దాటి వెళ్లే గాలిని కొలుస్తుంది. దూదితో తుడిచినా, కార్బొరేటర్‌కు వాడే స్ప్రే కొట్టినా తెగిపోవచ్చు. దానికోసమే అమ్మే క్లీనర్ స్ప్రేను తాకకుండా కొట్టి, పూర్తిగా ఆరిన తరువాతే బిగించాలి. మీ మెకానిక్ ఏం వాడాడో అడిగి, బిల్లు తీసుకుని దాచండి. నూనె పూసి వాడే విడి ఎయిర్ ఫిల్టర్ ఏదైనా వేయించి ఉంటే తీసేయించండి. ఆ నూనె తుంపరలు సెన్సర్ మీద పడి దుమ్మును అతికిస్తాయి, అటువంటి లోపానికి వారంటీ అడగలేము.

ఇదే ప్రశ్నను అమెరికాలోని మిషిగన్ నుంచి ఒక తెలుగు పాఠకురాలు మరో రూపంలో అడిగారు. మంచు కాలంలో రోడ్డు మీద చల్లే ఉప్పు రాడార్‌కు పూతలా పడుతోందని, తమ దగ్గరే సర్వీసు చేయించకపోతే వారంటీ పోతుందని డీలర్ అంటున్నాడని రాశారు. అక్కడ 1975 నుంచి మాగ్నుసన్–మాస్ వారంటీ చట్టం అమలులో ఉంది. ఫలానా బ్రాండు విడిభాగం లేదా ఫలానా చోటి సర్వీసే వాడాలన్న షరతుతో వారంటీని ముడిపెట్టడాన్ని, వాటిని ఉచితంగా ఇస్తే తప్ప, ఆ చట్టం ఒప్పుకోదు. ఉప్పు కడుక్కోవలసిన బాధ్యత మాత్రం అక్కడ కూడా యజమానిదే.

ప్రశ్న: విశాఖపట్నంలో సొంత కారును ట్యాక్సీగా నడుపుకుంటున్నాను. వెనుక సెన్సర్ అస్తమానం మోగుతుంటే ప్రయాణికులు చిరాకు పడుతున్నారు. వారంటీ కింద మార్చమంటే, ట్యాక్సీ కదా, నీకు వినియోగదారుల చట్టం వర్తించదని అంటున్నారు. బీప్ వైరు తీసేయించమని ఒక మెకానిక్ సలహా ఇచ్చాడు. తీయించనా?
– ఒక డ్రైవరు

జవాబు: తీయించకండి. ఇప్పటికే తీయించి ఉంటే వెంటనే కలిపించండి. 2019 జులై 1 నుంచి మన దేశంలో తయారయ్యే కార్లన్నింటికీ వెనుక పార్కింగ్ సెన్సర్ తప్పనిసరి చేసింది, వెనక్కి వచ్చే బండి కింద పసిపిల్లలు పడి చనిపోతున్నందుకే. అపార్ట్‌మెంట్ సెల్లార్లలోనూ ఇరుకు వీధుల్లోనూ రోజూ పదిసార్లు వెనక్కి తిప్పే మీ బండికి అది అందరికన్నా ఎక్కువ అవసరం. పైగా వైరు కోయించిన కారుకు వారంటీ అడిగే నోరు మనకు ఉండదు.

చట్టం వర్తించదన్న మాట తప్పు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపార ప్రయోజనం కోసం కొన్నవారిని మినహాయించినా, స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసం కొని తానే వాడుకునేవారిని వినియోగదారులుగానే గుర్తిస్తుంది. పది కార్లు కొని డ్రైవర్లను పెట్టుకున్న యజమాని పరిస్థితి వేరు, స్టీరింగు పట్టుకునే మీ పరిస్థితి వేరు. మీ వారంటీ పుస్తకంలో ట్యాక్సీగా వాడే కార్లకు కాలం, కిలోమీటర్లు తగ్గించి రాశారేమో మాత్రం ముందు చదువుకోండి; అలా రాసే కంపెనీలు ఉన్నాయి.

ముందుగా కంపెనీ కస్టమర్ కేర్‌కు ఈమెయిల్ పంపండి. జవాబు రాకపోతే 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే విశాఖలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్లవచ్చు. మీరు నివసించే చోట కేసు వేసుకునే వీలు ఈ చట్టం ఇచ్చింది. కారుకు చెల్లించిన ధర 50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్ చాలు. ఫీజు అయిదు లక్షల వరకు లేదు, పది లక్షల వరకు 200 రూపాయలు, ఇరవై లక్షల వరకు 400. సమస్య తలెత్తిన రెండేళ్లలోపు వెళ్లాలి. లోపం పరీక్షిస్తే తప్ప తేలదనుకుంటే, 38వ సెక్షన్ కింద తగిన లాబొరేటరీకి పంపమని కమిషన్‌ను కోరవచ్చు. అందుకే మార్చి తీసేసిన పాత సెన్సర్‌ను ఎవరి దగ్గరా వదిలిరాకండి.

అన్నింటికన్నా ముఖ్యం జాబ్ కార్డు. సర్వీస్ సెంటర్‌లో ఫిర్యాదు రాసుకునే అడ్వైజర్ ‘సెన్సర్ క్లీనింగ్’ అని రెండు ముక్కలు రాసుకుని సంతకం పెట్టమంటే పెట్టవద్దు. ఆ రెండు ముక్కలే రేపు కమిషన్ ముందు, మీరు శుభ్రం చేయించుకోవడానికే వచ్చారని చెప్పే సాక్ష్యం అవుతాయి. ‘బంపర్ శుభ్రంగా, పొడిగా ఉన్నప్పుడు, వెనుక ఏ అడ్డూ లేకుండా రివర్స్‌లో బీప్ ఆగడం లేదు, కుడివైపు సెన్సర్ నుంచి చప్పుడు లేదు’ అని మీ మాటల్లో రాయించి, ఆ కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకున్న తరువాతే తాళాలు ఇవ్వండి.

సెన్సర్ మార్చిన రోజు అక్కడే ఒక పరీక్ష చేయించుకోండి. మూడేళ్ల పిల్లవాడంత ఎత్తున్న ప్లాస్టిక్ డబ్బానో అట్టపెట్టెనో బంపర్ వెనుక పెట్టి, మెల్లగా వెనక్కి రండి. అది కుడి మూలన ఉన్నప్పుడు, మధ్యలో ఉన్నప్పుడు, ఎడమ మూలన ఉన్నప్పుడు ఎంత దూరంలో మోగుతోందో చూసుకుని, మూడు చోట్లా మోగితేనే బండి తీసుకుని బయటకు రండి.